టబ్బు కింద ఇసుక మూటలు

అది 2023 మే నెల. భోగాపురం దగ్గర మా ఊరి ఒడ్డున వేట నిషేధం నడుస్తోంది. చేపలు గుడ్లు పెట్టే ఆ రెండు నెలలూ ఇంజన్ బోట్లు సముద్రం మీదకి పోకూడదు. అందుకని అందరూ బోట్లను ఇసుకలోకి లాగి బాగు చేయించుకుంటారు. నాది ఫైబర్ బోట్లకు అతుకులు వేసే పని కాబట్టి, ఊరంతటికీ తీరిక దొరికే ఆ రోజుల్లో నాకు మాత్రం అన్నం తినడానికి కూడా టైం ఉండదు. పాతికేళ్ళ పని నాది. నేను వేసిన అతుకు ఊడిందన్న మాట అంతవరకూ నా చెవిన పడలేదు. ఆ సంగతి నలుగురిలోనూ చెప్పుకునేవాణ్ణి కూడా.

ఆ రోజు మా బావ దానయ్య బోటు మీద ఉన్నాను. విజయనగరం నుంచి ఒకావిడ స్కూటీ మీద వచ్చింది. పేరు సుజాత, టీచరమ్మ. వాళ్ళ వీధికి ఎండు చేపలు తీసుకెళ్ళి అమ్మే మా పిన్ని నా సంగతి చెప్పిందట. ఫోన్‌లో ఫోటో చూపించింది. స్నానాల టబ్బు, అడుగున జానెడు పగులు.

“టబ్బా? నాను పడవలోడిని తల్లీ,” అన్నాను.

“ప్లంబర్ వల్ల కాలేదు బాబూ. ఏదో పేస్టు రాశాడు, మర్నాటికే ఊడిపోయింది. ఇదీ ఫైబరే అంటున్నారు. కొత్తది రావడానికి పదిహేను రోజులు పడుతుందట. అంతవరకూ మీ అతుకు ఆగితే చాలు.”

“పదైదు రోజులు బకెట్టుతో సేస్తే ఏటవుద్ది?”

ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అప్పుడు చెప్పింది. కూతురు లాస్యకి పదకొండేళ్ళు. పుట్టుకతోనే కాళ్ళ కండరాలు బిగుసుకుపోయి ఉన్నాయి. రోజూ పొద్దున్న అరగంట ఆ టబ్బులో గోరువెచ్చటి నీళ్ళలో కాళ్ళు చాపి ఉంచితే కండరాలు మెత్తబడతాయి. ఆ తర్వాత ఫిజియోథెరపీ. ఎనిమిది నెలలు అలా చేస్తే వంగిపోయిన మోకాళ్ళు కొంచెం కొంచెంగా సాగాయి. మూడు వారాల్లో విశాఖలో డాక్టర్ చూస్తారు. మోకాళ్ళు ఇలాగే సాగి ఉంటే సిమెంటు కట్లతో సరిపోతుంది, మళ్ళీ బిగిస్తే ఆపరేషన్ అన్నారట. “టబ్బు పగిలి నాలుగు రోజులు. అప్పుడే ఎడమ మోకాలు సాగనంటోంది. చిన్న తొట్లలో కూర్చోబెట్టి చూశాం, కాళ్ళు చాపే చోటు లేదు,” అంది.

“రేపు పొద్దున్నే వస్తాను,” అనేశాను.

మా బావ ఊరుకుంటాడా? “ఇంట గెలిసి రచ్చ గెలవమన్నారు. నా బోటు ఇలగ బోర్లా పడేసి, టవున్లో తొట్లు అతకడానికి పోతాడంట ఈడు!” అన్నాడు. పక్క బోటువాళ్ళు కూడా నవ్వారు.

మా పని తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. ఫైబర్ మ్యాట్ అంటే గాజు పోగులతో చేసిన గుడ్డ. దాన్ని రెజిన్ అనే జిగురుతో తడిపి పగులు మీద పొరలుగా వేస్తాం. రెజిన్‌లో హార్డ్‌నర్ కొలత ప్రకారం కలిపితే కాసేపటికి గట్టిపడుతుంది. మే ఎండకి అది కొంచెం ఎక్కువైనా డబ్బాలోనే రాయి అయిపోతుంది. తడి ఉన్న చోట పట్టదు.

మర్నాడు నేను వెళ్ళేసరికి లాస్య చక్రాల కుర్చీలో బాత్రూం గుమ్మం దగ్గరే కాపలా కాస్తోంది. “అంకుల్, మీరు నిజంగా పడవలు చేస్తారా?” అంది.

“అంకులేటి? మావా అను.”

టబ్బు ఆరబెట్టి, పగులు గీకి, రెండు పొరలు వేశాను. గట్టిపడ్డాక నీళ్ళు నింపి సాయంత్రం దాకా చూశాం. చుక్క దిగలేదు. “సముద్రం పోసినా కారదు,” అని మీసం మెలేసి, ఒక రోజు ఆరనిచ్చి వాడుకోమని వచ్చేశాను.

మూడో రోజు పొద్దున్నే ఫోన్. “బాబూ, దాన్ని లోపల కూర్చోబెట్టగానే కిర్రుమంది. అతుకు అంచు లేచిపోయింది. నీళ్ళన్నీ పోయాయి.”

నాకు తల తీసేసినట్టయింది. పాతికేళ్ళ పేరు ఒక స్నానాల తొట్టిలో కొట్టుకుపోయింది. బావకి చెప్పకుండా బస్సెక్కాను.

వెళ్ళి టబ్బు అడుగు చేత్తో నొక్కితే దిగింది. వేలితో కొడితే బోలు చప్పుడు. టబ్బు ముందు వైపు కట్టిన గోడకున్న నాలుగు టైల్స్ తీయించి, లోపలికి టార్చి వేశాను. నాలుగు మూలలా నాలుగు కాళ్ళు, మధ్యలో ఎప్పుడో పుచ్చిపోయిన చెక్క. మిగతాదంతా ఖాళీ. నా బుర్ర మీద నేనే మొట్టుకున్నాను.

“ఏటైనాది మావా?” అంది లాస్య. ఒక్కరోజులోనే నా మాట పట్టేసింది.

“తప్పు నాదే గుంటా. బోటుకి కింద సముద్రం ఉంటాది. ఎక్కడికక్కడ నీరే మోస్తాది. నీ టబ్బుకి కింద ఏటీ నేదు. అది నాను సూడనేదు.”

“అయితే సముద్రం తెచ్చి పెట్టు.”

“సముద్రం తేలేను గాని ఇసక తెస్తాను.”

ఊరికే అనలేదు. ఒడ్డున బోటు నిలబెట్టేటప్పుడు మేము కింద ఇసుక మూటలే సర్దుతాం. వెంటనే ఊరికి వచ్చి, ఎండిన ఇసుక జల్లించి, చిన్న చిన్న మూటలు కట్టి, ఆటోలో వేసుకుని మళ్ళీ వెళ్ళాను. ఎదురుపడిన బావ “అదేటి?” అన్నాడు. “నా తల,” అన్నాను.

టబ్బులో రెండు బియ్యం బస్తాలు పెట్టించాను. ఆ బరువుకి అడుగు దిగవలసినంత దిగాక, టైల్స్ తీసిన సందులోంచి మూటలు ఒక్కొక్కటీ కర్రతో బిగించి కూరాను. బస్తాలు తీసి, పాత అతుకంతా గ్రైండర్‌తో తీసేశాను. పగులు ఇంకా పాకకుండా రెండు చివర్లా సన్నని బెజ్జాలు వేశాను. ఫ్యాన్ పెట్టి తడి లాగేశాక ఈసారి మూడు పొరలు. బోటుకైతే అక్కడితో అయిపోయేది. ఇక్కడ పిల్ల ఒళ్ళు ఆనుతుంది, గాజు పోగు గుచ్చుకుంటే దురద. అందుకని పైన జెల్ కోట్ అనే నున్నటి పూత వేసి, గట్టిపడ్డాక తడిపిన గరుకు కాగితంతో రుద్ది రుద్ది, నా చెంప ఆనించి చూసుకున్నాను.

“ముద్దు పెట్టుకుంటన్నావేటి మావా?” అంది ఆ గుంట.

మర్నాటి దాకా ఆరనిచ్చి, సబ్బు నీళ్ళతో కడిగి, టబ్బు నింపించాను. టైల్స్ తీసిన సందులో మూటల మొదట్లో పాత న్యూస్ పేపర్ పరిచాను, చుక్క దిగితే తెలుస్తుందని. తర్వాత పంచె ఎగ్గట్టి, చొక్కాతో సహా నేనే అందులో దిగి కూర్చున్నాను. ఎనభై కిలోల మనిషిని, పుట్టి బుద్ధెరిగాక టబ్బులో కూర్చోవడం అదే మొదలు. అటూ ఇటూ ఊగాను. లేచి దబ్బున మళ్ళీ కూర్చున్నాను. టీచరమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

“మావా, సబ్బు ఇమ్మంటావా?”

“నవ్వు, నవ్వు. నువ్వు కూకోవాలని నాను కూకున్నాను.”

గంట కూర్చున్నాను. తీసి చూస్తే పేపర్ పొడిగా ఉంది. నీళ్ళు మార్చి పాపని దింపారు. నేను హాల్లో నిలబడి చెవులు రిక్కించాను. కిర్రుమన్న చప్పుడు లేదు. “కారతన్నాదా?” అని కేకేశాను.

“నేదు మావా!”

ఎన్ని బోట్లు సముద్రంలోకి దించానో లెక్కలేదు. ఏ ఒక్కదానికీ అంత సంతోషపడలేదు. అయినా టీచరమ్మకి గట్టిగానే చెప్పాను: “ఇది పట్టీ అమ్మా, కొత్త టబ్బు కాదు. రోజూ కింద సూసుకోండి.”

పదిహేను రోజులన్న కొత్త టబ్బు రాలేదు. ఇవాళా రేపూ అంటుండగానే విశాఖ వెళ్ళే రోజు కూడా వచ్చేసింది. అంతవరకూ రోజూ అరగంట మోసింది నా అతుకూ మా ఊరి ఇసుకే. డాక్టర్ మోకాళ్ళు కొలిచి, ఆపరేషన్ అక్కర్లేదు, కట్లు చాలన్నారు. టీచరమ్మ ఫోన్‌లో చెబుతుంటే, స్పీకర్ పెట్టి మా బావకి కూడా వినిపించాను. నవ్విన నాపచేనే పండుతుందని వాడితో అనిపించేదాకా ఒదల్లేదు.

ఇప్పుడు గరివిడి నుంచి కూడా నీళ్ళ ట్యాంకులకి పిలుస్తున్నారు. ఎక్కడికెళ్ళినా ముందు పగులు చూడను, దాని కింద ఏముందో చూస్తాను. ఖాళీగా ఉన్నప్పుడు కారలేదంటే నమ్మను. బరువు పడ్డాకే పని అయినట్టు. పాతికేళ్ళ తర్వాత ఈ రెండూ నేర్పింది ఆ టబ్బు.

కొత్త టబ్బు బిగించిన రోజు లాస్య స్వయంగా ఫోన్ చేసింది.

“మావా, ఈల్లూ టబ్బుని ఉత్త నాలుగు కాళ్ళ మీదే నిలబెట్టేసి ఎల్లిపోతన్నారు. నానొగ్గనేదు. కింద మూటలు పెట్టించాను.”

“శభాష్! మరి కూకుని సూసేవా?”

“నానెందుకు కూకుంటాను? ముందు ఆ ఫిట్టర్ని కూకోబెట్టాను. బట్టల్తోనే.”