చొక్కా మీద పేరు

నైట్ డ్యూటీ దిగి నేరుగా సౌదీలోని ఖమీస్ ముషైత్ బస్‌స్టేషన్‌కి వచ్చాను. కళ్లు మండిపోతున్నాయి. పక్క కుర్చీలో కడప వైపు ఆవిడ. అరబ్బు ఇంట్లో పని మానేసి, ఖురూజ్ అనే ఎగ్జిట్ వీసా మీద పూర్తిగా ఇంటికి వెళ్లిపోతోంది. ఒళ్లో అన్నీ ఒకే రకం తువ్వాళ్లు. ఒక్కోదాని మూలనా నా చేత పెన్నుతో పేరు రాయించుకుని, దాని మీద ఎర్రదారంతో కుడుతోంది.

"అందరికీ ఒగటే తెచ్చినా గదమ్మా. పేరుంటే ఎవురిది వాళ్లదైతాది," అంది.

ఇక్కడి ప్రభుత్వం విదేశీయుల కుటుంబాల మీద లెవీ పన్ను వేశాక, అది కట్టలేక మా అబ్బాయిని కాకినాడలో అక్క దగ్గరికి పంపేశాను. మూడేళ్లయింది. ఎవరైనా ఊరెళితే పంపుదామని కొన్న చొక్కా సంచిలోంచి తీసి, వాడి పేరు రాసి ఇచ్చాను.

"పిల్లోనికి ఎన్నేండ్లు?"

"పదకొండండి."

ఆవిడ చొక్కా విప్పి, భుజాల దగ్గర జానతో కొలిచి, నా మొహంలోకి చూసింది. వాడు వెళ్లేనాటి సైజే కొన్నానని నాకు అప్పుడు తెలిసింది.

ఆవిడ సూదిలోకి దారం ఎక్కించింది.

"చొక్కా పట్టకున్నా పేరు సరిపోతాదిలేమ్మా."

ఆవిడ ఊరెళ్లి పోస్టులో పంపిన ఆ చొక్కా నిజంగానే పట్టలేదు. మావాడు మాత్రం దాన్ని ఇప్పటికీ ఎవరికీ ఇవ్వనివ్వడు.