సాంచాలు బందైన పూట

మొన్న పక్కింట్లో ఎవరో నూనెలో వెల్లిగడ్డ మాడ్చారు. ఆ వాసనకు అందరికీ ఆకలవుతుందట. నాకు మాత్రం చెవి నొస్తుంది, అదీ నాది కాదు, మా చెల్లె రజితది.

సిరిసిల్లలో మా ఇల్లంటే ముందర ఒక అర్ర, వెనుక షెడ్డులో సాంచాలు. మరమగ్గాలను మేమలాగే అంటాం. తడిసిన గోడలు, నూలు దుమ్ము, వానకాలం కాల్చిన మక్కకంకులు, బతుకమ్మకు దంచిన నువ్వుల సద్ది, అన్నీ ఆ టకటకలోనే సాగేవి. అరిచినా వినబడదు గనుక మా వాడకట్టు పిల్లలు పెదవులు చూసి మాట పట్టేవాళ్లు. అన్నానికి నోటి దగ్గర చెయ్యి, నూలు చుట్టిన కండె అయిపోతే వేలు తిప్పడం. బాపుకు కోపమొస్తే ఏ సైగా అక్కర్లేదు.

తెలంగాణ కోసం ఊరంతా రోడ్డెక్కిన ఆ ఏడు రజితకు జలుబు చేసి, చెవి నొస్తుందని ఏడ్చింది. నాయినమ్మ వెల్లిగడ్డ కాచిన నూనె పోసింది. చీము కారి నొప్పి తగ్గింది.

"చెడంత పోయింది బిడ్డా" అన్నది నాయినమ్మ.

తర్వాత కూడా రెండు చెవులూ కారుతూ, ఆగుతూ ఉండేవి. అయినా పిల్ల మా మొహాలు చూసి, చెప్పిన పనల్లా చేస్తోంది. ఆరోగ్యానికి మాకు అంతకంటే రుజువు అక్కర్లేకపోయింది.

ఒక బంద్ పూట సాంచాలన్నీ ఆగాయి. ముందరి అర్రలో రజిత గోడవైపు తిరిగి ఆడుకుంటోంది. అమ్మ వెనకనుంచి పిలిచింది. మళ్లీ పిలిచింది. చేతిలోని తాంబాళం జారి పడితే నేను ఉలిక్కిపడ్డాను, చెల్లె కదల్లేదు. అమ్మ ముందుకెళ్లి గదమ పట్టుకుని మొహం తనవైపు తిప్పుకుంది.

"పిలుస్తుంటె ఇనవడ్తలేదానే?"

"సాంచాలు నడుస్తున్నయి గదనే అమ్మా" అన్నది రజిత.

చెవి డాక్టరు జగిత్యాలలో. బస్సుల్లేవు. ముందురోజు దాకా రోడ్డు మీద కూర్చుని బస్సులాపినవాళ్లలో బాపు కూడా ఉన్నాడు. ఇప్పుడు అదే రోడ్డు పక్కన చెల్లెను ఎత్తుకుని నిలబడ్డాడు.

"ఎవల్ని తిట్టాలెనే? మేమే ఆపితిమి" అన్నాడు అమ్మతో.

బస్సులు తిరిగాకే వెళ్లగలిగాం. గొంతు పైభాగంలో, ముక్కు కలిసే చోట, కణాలను బ్యాక్టీరియా అంటిపెట్టుకుంటుందని, జలుబు చేస్తే అక్కడినుంచి సన్నని గొట్టంలో ఎక్కి చెవి లోపలికి పోతుందని డాక్టరు చెప్పాడు. చీము కర్ణభేరిని చీల్చుకుని వస్తేనే నొప్పి తగ్గిందట. మేం మందు అనుకున్నది చిల్లు.

"పుక్కిలిస్తె పోదా సారూ?" అన్నాడు బాపు.

"పోదు. గట్టిగ పట్టుకుంటది."

ధర్నాలో మావాళ్లను మించి కదలకుండా కూర్చునేవాళ్లు లేరనుకునేవాణ్ని.

మందులతో కారడం ఆగింది. వినికిడి రాలేదు. ఇప్పుడు రజితకు చప్పుడు తెలుస్తుంది, మాట తెలియదు. రాష్ట్రం వచ్చింది. మా సాంచాలు పాత ఇనుము కింద పోయాయి. వాడకట్టులో పిల్లలు నోటితోనే మాట్లాడుకుంటున్నారు, పెదవులు చూసేది మా చెల్లె ఒక్కతే. అందుకే నేను ఊరు విడిచాక మేం వీడియో కాల్‌లోనే మాట్లాడుకుంటాం.

నిన్న సాయంత్రం మాటల మధ్యలో నా గదిలో కరెంటు పోయి, ఫోనులో నా మొహం చీకటైంది.

"అన్నా, ఉన్నవా?" అన్నది.

ఉన్నానన్నాను. గట్టిగానే అన్నాను.

"అన్నా, ఉన్నవా?"