రెండు గీతలు తక్కువ

ఆ వీధిలో అతన్ని అందరూ మాస్టరు అంటారు. కత్తెర పట్టి ముప్పై మూడేళ్లు. ముందు గది దుకాణం, వెనక గది ఇల్లు, మధ్యలో ఒక తెర. తెర ఇవతల అతను చొక్కాలు కత్తిరిస్తాడు. అవతల కిటికీ పక్కన కూర్చుని అక్క కాజాలు కుడుతుంది, గుండీలు బిగిస్తుంది. మధ్యాహ్నం ఎండ ఆ కిటికీలోంచి దిగి, నేల మీద రాలిన దారపు పోగులకు కాసేపు రంగులు తిరిగిచ్చి వెళ్లిపోతుంది.

అక్క అతనికంటే పదకొండేళ్లు పెద్ద. అమ్మ పోయాక అతన్ని పెంచిందీ, మిషను ముందు కూర్చోబెట్టిందీ ఆమే. భర్త పోయాక తమ్ముడి దగ్గరికి వచ్చేసింది. అతని పెళ్లి ఊసు ఎవరెత్తినా "కొలతలు కుదరలేదండీ" అనేవాడు. "వీడు మనిషికి కూడా టేపు పెట్టి చూస్తాడు, ఎలా కుదురుతాయి" అనేది అక్క.

పనిలో అతనిది ఒకటే నియమం. బట్ట ఎప్పుడూ బిగువుగా కత్తిరించడు. కుట్టు లోపల రెండు వేళ్ల బట్ట మడిచి వదులుతాడు. వదులైతే లోపలికి పట్టొచ్చు, బిగువైతే చేసేదేం లేదు. ఆ జాగ్రత్త వల్లే అతని దగ్గర కుట్టించుకున్నవాళ్లు లావైనా చొక్కా పారేయాల్సిన పని రాలేదు.

వానలు మొదలైన వారం అక్క గుండెకి ఆపరేషన్ జరిగింది. కాలిలోంచి రక్తనాళం తీసి గుండెకి వేశారు. మోకాలి దగ్గర్నుంచి చీలమండ దాకా పొడుగాటి కుట్టు. దాన్ని మొదటిసారి చూసినప్పుడు, కుట్లన్నీ భలే సమంగా ఉన్నాయే అనుకున్నాడు మాస్టరు. అలా అనుకున్నందుకు సిగ్గుపడ్డాడు.

ఇంటికి పంపేటప్పుడు డాక్టరమ్మ చెప్పింది. "గుండె సంగతి మేం చూశాం. షుగరు సంగతి మీరు చూసుకోవాలి. అది అదుపులో లేకపోతే గాయాలు మానవు." పొద్దున, సాయంత్రం ఇన్సులిన్. షుగరు ఎంతుందో, మందు ఎంత వేశారో పుస్తకంలో రాయాలి.

"సూది ఎవరు వేస్తారు?" అడిగింది నర్సు.

"వీడే. సూది తప్ప వీడికి ఇంకేం తెలుసు గనక," అంది అక్క.

అయిదో రోజు పొద్దున ఆమె సగం తిని కంచం పక్కన పెట్టేసింది. అతను చూసుకోలేదు, పద్దెనిమిది యూనిట్లు వేశాడు. గంట తర్వాత తెర తీసి చూస్తే మొహమంతా చెమట, వేళ్లు వణుకుతున్నాయి. అతనికేసి చూసి, ఎవరో కొత్తవాళ్లని పలకరించినట్టు అడిగింది. "మాస్టరు గారూ, నా బట్టలు అయ్యాయా?"

షుగరు మీటరు నలభై ఎనిమిది చూపించింది. పంచదార నీళ్లు చెంచాతో పట్టాడు. ఒక్కో చెంచాకీ ఆమె కొంచెం కొంచెంగా దూరం నుంచి నడిచొస్తున్నట్టనిపించింది. చివరికి వచ్చేసింది. "ఏంట్రా చిన్నోడా, అలా నిలబడ్డావు, ఎవరో పోయినట్టు?"

హాస్పిటల్‌కి ఫోన్ చేస్తే, సరిగా తినకుండా వేసినందుకే అలా అయిందన్నారు. ఇకనుంచి తిన్నాకే వేయమన్నారు, మందు పదహారు చేశారు.

ఆ సాయంత్రం పుస్తకంలో ముందే పదహారు అని రాసుకుని సిరంజి తీశాడు. బట్ట కోసే ముందు కొలత రాసుకోవడం అతని అలవాటు. మందు పద్నాలుగు గీత దగ్గరికి రాగానే చెయ్యి ఆగింది. రెండు గీతలు. ఎక్కువైతే వెనక్కి తీయలేం, తక్కువైతే రేపు చూసుకోవచ్చు. ఎంతో బాధ్యతగా ఉన్న మనిషిలా ఆ పద్నాలుగే వేశాడు.

పుస్తకంలో పదహారు అలాగే ఉండిపోయింది.

షుగరు రెండు వందలు దాటింది. చూపించుకోడానికి వెళ్తే డాక్టరమ్మ పుస్తకం చూసి మందు ఇరవై చేసింది. అతను పదహారు వేశాడు. రెండు వందల నలభై. ఆమె ఇరవై నాలుగంది. అతను పదిహేడు వేశాడు. ఆమె ఇరవై ఎనిమిది అంటే అతను పద్దెనిమిది. షుగరు అంకెలు మాత్రం ఉన్నవి ఉన్నట్టే రాసేవాడు. మందు దగ్గరికొచ్చేసరికి డాక్టరమ్మ చెప్పిన అంకె రాసేవాడు. రోజూ అనుకునేవాడు, రేపు సరిగ్గా వేస్తానని. రోజూ ఆ చెమట మొహం గుర్తొచ్చేది. కాలి కుట్టు అంచులు ముందు ఎర్రబడ్డాయి, తర్వాత చెమ్మగిల్లాయి. కట్టు మార్చేటప్పుడు అతను ఊపిరి బిగపట్టేవాడు. "వాసనొస్తోందా?" అని అక్క అడిగితే "మందు వాసన" అనేవాడు.

జ్వరం వచ్చింది. హాస్పిటల్లో చేర్చుకున్నారు. రేపు గాయం తెరిచి శుభ్రం చేయాలన్నారు. డాక్టరమ్మ పుస్తకం అటూ ఇటూ తిప్పి, అక్కకేసి చూసింది.

"ఇంత మందు పడుతుంటే షుగరు దిగకపోవడమేంటి పెద్దమ్మా? నిజం చెప్పండి. చాటుగా తీపి ఏమైనా తింటున్నారా?"

"లేదమ్మా. టీలో కూడా మానేశాను."

"అందరూ అలాగే అంటారు," అని నవ్వింది డాక్టరమ్మ.

అక్క తమ్ముడి వైపు తిరిగింది. "చెప్పరా. నేను తిన్నానా?"

"లేదు," అన్నాడు. గుమ్మడికాయల దొంగలా తన భుజాలు తానే తడుముకుంటున్నట్టు మెడలో టేపుని సవరించుకున్నాడు. దుకాణం నుంచి దాన్ని మెడలోంచి తీయకుండానే వచ్చేశాడు. డాక్టరమ్మ కాగితం మీద ముప్పై రెండు అని రాసి వెళ్లిపోయింది.

సాయంత్రం భోజనం వచ్చింది. జ్వరం నోటికి రుచించక అక్క రెండు ముద్దలు తిని పడుకుంది. కాసేపటికి నర్సు వచ్చి, సీసా తలకిందులు చేసి సిరంజిలోకి మందు లాగింది. ఇరవై దాటింది. ఇరవై అయిదు. ఆ చిన్న గాజు సీసా మీద కిటికీ వెలుతురు పడి మెరుస్తోంది. ముప్పై రెండు.

"సిస్టర్, ఆగండి."

"ఏమైంది?"

"అంత వద్దు."

"డాక్టర్ గారు రాశారు సార్. ఇంట్లో మీరు ఇరవై ఎనిమిది వేశారుగా. పెద్ద తేడా ఏం లేదు."

"వెయ్యలేదు."

నర్సు చెయ్యి ఆగింది. "మరి ఎంత వేశారు?"

"పద్దెనిమిది. అంతకుముందు పదిహేడు."

"పుస్తకంలో?"

"అబద్ధం రాశాను."

ఆమె సిరంజికి మూత పెట్టి డాక్టరమ్మ కోసం వెళ్లింది. ఫ్యాను తిరుగుతోంది. అక్క కళ్లు తెరిచే ఉన్నాయి.

"ఎన్నాళ్ల నుంచి?"

"ఇరవై మూడు రోజులు."

"పొద్దున ఆవిడ నన్ను దొంగని చేసి అడిగింది. నువ్వు పక్కనే ఉన్నావు కదరా."

"ఉన్నాను."

ఆమె గోడ వైపు తిరిగిపోయింది. పడుకున్న ఆ వీపుని చూస్తూ నిలబడ్డాడు. చిన్నప్పుడు ఆ వీపు మీదే బడికి వెళ్లేవాడు.

డాక్టరమ్మ తిట్టలేదు. తిడితే కొంత తీరేదేమో. పాత కాగితం కొట్టేసి తక్కువ మందు రాసింది, రెండు మూడు గంటలకోసారి షుగరు చూడమని నర్సుకి చెప్పింది. తర్వాత అతన్ని వరండాలోకి పిలిచింది.

"తక్కువ వేస్తే ప్రమాదం లేదనుకున్నారా?"

"తగ్గితే కళ్లముందే పడిపోతుందమ్మా. పెరిగితే ఏం కనపడదు."

"కాలి మీద కనపడింది కదా."



గాయం తెరిచారు, శుభ్రం చేశారు. కాలు నిలిచింది గానీ పిక్క దగ్గర కండ కొంత పోయింది. పదహారు రోజుల తర్వాత ఇంటికొచ్చారు. నడుస్తుంటే ఆ కాలు కొంచెం ఈడుస్తోంది. ఎదుటి ఇస్త్రీ బండాయన ఓదార్చబోయాడు. "తిలాపాపం తలా పిడికెడు మాస్టరూ. హాస్పిటల్ వాళ్లు మాత్రం ఓసారి అనుమానించొద్దూ?"

"ఇందులో పంచుకోడానికి ఏం లేదు," అన్నాడు మాస్టరు.

ఇప్పుడు సూది అక్కే వేసుకుంటోంది. మందు సీసా, పుస్తకం తన పెట్టెలో పెట్టుకుంది. కట్టు మాత్రం అతని చేత కట్టించుకుంటుంది. మాటల్లో పెద్ద మార్పు లేదు. వెటకారం మాత్రం తగ్గింది. అదే అతనికి ఎక్కువ నొప్పి.

ఒక పొద్దున తెర అవతల నుంచి గొంతు వచ్చింది. "మిషను ఆగిందేంట్రా?"

"దారం తెగింది."

"నేను సూది తీసే టైముకే రోజూ తెగుతుందా నీ దారం?"

అతను పెడలు మీది పాదాన్ని చూసుకున్నాడు. సూది కింద సగం కుట్టిన కాలరు ఉంది. దారం చెక్కుచెదరలేదు.

"లేదక్కా. తెగలేదు. నువ్వు వేసుకునేదాకా భయంగా ఉంటుంది."

అవతల కుర్చీ జరిగిన చప్పుడు.

"ఇటు రా. ఇది ఇరవై ఒకటో ఇరవై రెండో నా కళ్లకి ఆనట్లేదు. డాక్టరమ్మ రాసింది ఇరవై రెండు."

వెళ్లి కిటికీ దగ్గర నిలబడ్డాడు. ఆమె సిరంజి తన చేతిలోనే పట్టుకుని వెలుతురుకి ఎత్తింది. అతనికి ఇవ్వలేదు. అతనూ చెయ్యి చాపలేదు.

"ఇరవై," అన్నాడు. "ఇంకో రెండు గీతలు లాగు."

ఆమె లాగింది.