తడిబట్టల ఉద్యోగం

ఆ ఈతకొలనులో ఆడవాళ్లకు ఈత నేర్పే శిక్షకురాలిని అందరూ చేపక్క అని పిలిచేవారు. నీళ్లలో దిగితే ఒడ్డు మరిచిపోయే మనిషి. అలాంటిది ఆ వేసవిలో మెట్టు మీద కూర్చోవాలన్నా మొహం చిట్లించేది. యోనిలో ఈస్ట్ ఇన్ఫెక్షన్. మంట, దురద, విరిగిన పాలలాంటి తెల్లటి స్రావం. తగ్గినట్టే తగ్గి మళ్లీ తలెత్తేది. అవతల, మునిగేవాళ్లను కాపాడగలదో లేదో చూసే రక్షణ పరీక్ష దగ్గరపడుతోంది. కొలను అడుగున పడేసిన రబ్బరు బొమ్మను పైకి తెచ్చి ఒడ్డుకు చేర్చలేకపోతే ఉద్యోగం ఊడినట్టే. ఆమెతోపాటు ఆడవాళ్ల తరగతులూ పోతాయి. నేర్పడానికి మరో ఆడమనిషి అక్కడ లేదు.

డాక్టరు దగ్గరికి వెళ్లవలసింది. వెళ్లలేదు. ఎందుకు వెళుతుంది? డాక్టర్లను తలదన్నే మనిషి ఇంట్లోనే ఉంది: భర్త అక్కగారు. ఆవిడ చదివిన వైద్యశాస్త్రమంతా ఫోనులో చూసిన వీడియోలే.

"అంతా తీపి వల్లే," అని వదినగారు తీర్పు చెప్పేసింది. "చక్కెర మానెయ్. పళ్లు మానెయ్. అన్నం మానెయ్. రొట్టె జోలికి అసలే పోకు."

"మరి ఏం తినమంటారు వదినా, గాలా?"

"పెరుగు తిను. పచ్చి వెల్లుల్లి నములు."

"నీళ్లలో ఊపిరి ఎలా వదలాలో నేను వదిలి చూపించాలి వదినా. వెల్లుల్లి నమిలి వదిలితే నేర్చుకునేవాళ్లు ఒడ్డెక్కి పారిపోతారు."

"పోతే పోనీ. నీ ఆరోగ్యం ముఖ్యమా, వాళ్ల ముక్కులు ముఖ్యమా?"

ఈ మాటలు మొదలైతే చాలు, భర్త చెప్పులు వెతుక్కునేవాడు.

పెరుగు తింటే తప్పు లేదు. వెల్లుల్లి కూరలో వేసుకుంటే ఎవరి సొమ్మూ పోదు. కాని పొద్దస్తమానం నీళ్లలో కాళ్లూ చేతులూ ఆడించే మనిషికి కడుపు మాడ్చడం ఏ రకం వైద్యమని అడిగే నాథుడు ఆ ఇంట్లో లేడు.

చేపక్క చేసిన తప్పూ తక్కువది కాదు. కొలను నీళ్లు చూసుకునేది కూడా ఆవిడే. రంగు కాగితం ముంచి చూడడం, పాచి కనబడితే మందు చల్లడం, క్షారం పెరిగితే ఆమ్లం కలపడం ఆమెకు వెన్నతో పెట్టిన విద్య. తన ఒంటినీ అదే లెక్కలో వేసుకుంది. పొద్దున సబ్బు, మధ్యాహ్నం వెనిగర్ కలిపిన నీళ్లు, సాయంత్రం మళ్లీ సబ్బు, అదీ లోపలిదాకా. మంట పెరిగితే, శుభ్రం చాలలేదనుకుని ఇంకోసారి కడిగేది. కొలనుకు పనికొచ్చేది మనిషికి పనికిరాదని తట్టనే లేదు.

ఒకరోజు సాధనకోసం రబ్బరు బొమ్మను అడుగున వేసుకుని మునిగింది. సగంలోనే కళ్లు బైర్లు కమ్మాయి. పైకి తేలి గోడ అంచు అందుకోబోతే చెయ్యి జారింది. పక్కనే ఈత నేర్చుకుంటున్న బ్యాంకు గుమాస్తా, మొన్నమొన్నటిదాకా నీళ్లంటే వణికిన మనిషి, జబ్బ పట్టుకుని ఒడ్డుకు లాగింది.

"ఏంటమ్మా ఇది?" అన్నాడు కొలను మేనేజరు, కుర్చీలోంచి లేవకుండానే. "కాపాడాల్సిన మనిషినే కాపాడుకోవాలా మేము?"

గుమాస్తా అతనివైపు చూడనైనా లేదు. "అక్కా, పొద్దున్నుంచి ఏం తిన్నావ్?"

"పెరుగు."

"ఇంకా?"

"వెల్లుల్లి."

"ఇంకా?"

"అంతే."

"లే. మా వీధిలో డాక్టరమ్మ ఉంది. ఇప్పుడే పోదాం."

డాక్టరమ్మ పరీక్ష చేసి, నమూనా తీసి, రక్తంలో చక్కెర కూడా చూసింది. "ఇది ఈస్టే. మందు ఇస్తాను. తగ్గింది కదా అని మధ్యలో ఆపకు. మళ్లీ వస్తే నా దగ్గరికి రా, వంటింట్లోకి కాదు. లోపల కడగడం ఈరోజుతో బంద్. లోపలి శుభ్రం ఒళ్లే చూసుకుంటుంది. బయట ఉత్త నీళ్లు చాలు."

"మరి తిండి, డాక్టరుగారూ?"

"తిను తల్లీ, కడుపునిండా తిను! చక్కెర జబ్బున్నవాళ్లు దాన్ని అదుపులో పెట్టుకోవాలి, అది నిజం. నీకది లేదు. పెరుగు ఇష్టమైతే తిను, కాని అది మందు కాదు. సరే, ఆ తడిబట్టలు ఎంతసేపు ఉంటాయి ఒంటిమీద?"

"పొద్దున దిగితే సాయంత్రందాకా."

"మధ్యలో మార్చుకోవా?"

"పొద్దున అందరూ మార్చుకోగానే మేనేజరు ఆ గదికి తాళం వేసేస్తారు. మళ్లీ సాయంత్రమే తీస్తారు. నేల తడిసిపోతుందని."

డాక్టరమ్మ కలం కింద పెట్టేసింది. "ఎవరమ్మా ఆ మహానుభావుడు? తడి ఆరని చోటే ఇది బాగా పెరుగుతుంది. నీళ్లలోంచి రాగానే పొడి నూలుబట్టలు కట్టుకో."

బట్టలు మార్చుకునే గది తడుస్తుందని ఆ గదికే తాళం! అదీ ఈతకొలనులో! ఇలాంటి బుర్రలకు జీతమిచ్చి కుర్చీ వేసేవాళ్లను ఏమనాలి?

ఆ రాత్రి ఆమె అన్నం కలుపుకుంటుంటే వదినగారు మొహం మాడ్చుకుంది. "అయితే నా మాటకి విలువ లేదన్నమాట."

"పెరుగు మానలేదు వదినా. కింద అన్నం కూడా ఉంది, అంతే. మందు వేసుకుంటున్నాను."

"ఇప్పుడు తగ్గితే ఆ పేరు కాస్తా మందు కొట్టేస్తుంది."

"కొట్టెయ్యనివ్వండి. నాకు తగ్గితే చాలు."

మంట తగ్గింది, ఒంట్లో సత్తువ చేరింది. పరీక్షరోజు వచ్చిన అధికారి బొమ్మను లోతున్న మూలకు విసిరాడు. చేపక్క మునిగింది. ఒడ్డున ఆడవాళ్లందరూ అంచుదాకా వచ్చి తొంగిచూశారు. బొమ్మ తల ముందు తేలింది, వెనకాలే ఆమె తల. ఒడ్డుకు చేర్చింది. అధికారి నెగ్గావని చెప్పాడు.

"సంతోషమమ్మా," అన్నాడు మేనేజరు. "తర్వాతి తరగతి వాళ్లొచ్చేశారు. దిగు మరి."

"గది తాళం తీయించండి సార్. తడివి విప్పి పొడి ఈతబట్టలు కట్టుకుని వస్తాను."

"ఇప్పుడా? నేలంతా తడుస్తుంది."

"ఈతకొలనులో నేల తడవక ఇంకేం తడుస్తుంది?"

"రేపు చూద్దాంలే."

"అయితే తరగతి కూడా రేపే చూద్దాం."

గుమాస్తా తువ్వాలు భుజాన వేసుకుని వచ్చి చేపక్క పక్కన నిలబడింది. తక్కినవాళ్లూ వచ్చారు. అధికారి మేనేజరువైపు తిరిగి, "నిజంగానే తాళం వేస్తున్నారా?" అని అడిగాడు.

మేనేజరు తాళంచెవి కోసం జేబులు తడుముకున్నాడు. చివరికి తలుపు ఆయనే తెరిచాడు. ఆ పూట తరగతి ఆలస్యంగా మొదలైంది. ఆయన గడియారం చూసుకుంటూ బయట నిలబడితే, లోపల చేపక్క తాపీగా ఒళ్లు తుడుచుకుంది.