పెద్దమల్లయ్య కుడి చెయ్యి

మార్కాపురంలో ఒక ప్రైవేటు పాలిటెక్నిక్ కాలేజీ ఉంది. అక్కడి వర్క్‌షాపులో పెద్దమల్లయ్య అటెండరు. నల్లమలలో తేనె, కుంకుడుకాయలు ఏరుకుని బతికిన ఇంట పుట్టినవాడు. పెళ్లయిన కొత్తలో భార్య చెన్నమ్మతో కొండ దిగి వచ్చి పలకల ఫ్యాక్టరీలో చేరాడు. బండను పలకలుగా కోసే మెషిన్ మీద పదకొండేళ్లు పనిచేశాడు. తిరిగే రంపపు బిళ్ళ చప్పుడు వింటూనే రాయిలో పగులెక్కడుందో చెప్పేవాడు.

ఆ బిళ్ళ మీద ఇనుపరేకు మూత ఒకటి ఉండేది. చెయ్యి జారినా బిళ్ళకు తగలకుండా అడ్డుకునేది అదే. మూతవల్ల పని ఆలస్యమవుతోందని యజమాని సత్యనారాయణ ఒక ఎండాకాలం దాన్ని విప్పించాడు.

"ఈ ఆర్డరు అయిపోనీ, మళ్లా బిగిద్దాం లే" అన్నాడు.

తొమ్మిదో రోజున పెద్దమల్లయ్య కుడిచేతి వేళ్లు మూడు తెగి రాతిపొడిలో పడ్డాయి. మెషిన్ ఆపే ఎర్ర బటన్ ఎక్కడో అవతలి గోడకుంది. ఇంకొకడు పరిగెత్తి అది నొక్కేలోపల బిళ్ళ ఆ రాయిని కూడా కోసి పక్కన పడేసింది.

ఆస్పత్రిలో మంచం మీద ఉండగానే సత్యనారాయణ ఒక కాగితం తెచ్చి చదివి వినిపించాడు. పెద్దమల్లయ్య తాగి పనిలోకి వచ్చి ప్రమాదం తెచ్చుకున్నాడని దాని సారాంశం.

"నేను చుక్క కూడా ముట్టను గదా సామీ" అన్నాడు పెద్దమల్లయ్య.

"నాకు తెలీదా ఏంది? లేబర్ ఆఫీసోళ్లకు చూపించేదానికి. వేలిముద్ర వెయ్యి. మా వాళ్ల కాలేజీలో పని ఇప్పిస్తా. ఈ చేత్తో నీకు ఇంకెవరు పనిస్తారు చెప్పు?"

కుడిచెయ్యి కట్టులో ఉంది. ఎడమ బొటనవేలు పట్టుకుని సత్యనారాయణే సిరాలో అద్ది కాగితం మీద ఒత్తాడు.

అట్లా కాలేజీలో చేరాడు. ఏటా ఫస్టియర్ పిల్లలకు వర్క్‌షాపు మొదటి క్లాసు భద్రత మీదే ఉంటుంది. లెక్చరర్ శివప్రసాద్ కళ్లద్దాలు, బూట్లు, చేతి తొడుగుల గురించి చెప్పి, చివర్న పెద్దమల్లయ్యను పిలిచి చెయ్యెత్తించేవాడు. "తాగి మెషిన్ దగ్గరికి పోతే ఇదీ గతి" అనేవాడు. పెద్దమల్లయ్య తల ఊపి పక్కకు తప్పుకునేవాడు. తర్వాత లేత్ మెషిన్ దగ్గర నిలబడి ఒక్కొక్క పిల్లకూ చున్నీ నడుముకు బిగించుకోమనీ, గాజులు తీసేయమనీ తనే చెప్పేవాడు. ఎనిమిదేళ్లలో ఆ వర్క్‌షాపులో ఎవరికీ గోరు కూడా చిట్లలేదు.

తొమ్మిదో ఏడు కూతురు సుప్రియ అదే కాలేజీలో మెకానికల్‌లో చేరింది. సత్యనారాయణ మాటసాయంతో వచ్చిన సీటు. వేళ్లు ఎట్లా పోయాయో ఆ పిల్లకు తెలుసు. కాగితం సంగతి మాత్రం ఇంట్లో ఎవరూ చెప్పలేదు.

"సార్, ఈ ఒక్కసారికి నన్ను పిలవొద్దు" అని పెద్దమల్లయ్య ముందురోజే బతిమాలుకున్నాడు.

"నువ్వు లేకుంటే పిల్లలకు భయమెట్ల పుడతాది?" అన్నాడు శివప్రసాద్.

మర్నాడు అరవైమంది ముందు చెయ్యి లేచింది. శివప్రసాద్ ఎప్పటి మాటే అన్నాడు. వెనక బెంచీ నుంచి ఒకడు "క్వార్టరా సార్, ఫుల్లా?" అన్నాడు. క్లాసంతా నవ్వింది.

సుప్రియ లేచి నిలబడింది. "మా నాయన తాగడు సార్. మెషిన్ మీద మూత తీసేసినారు."

నవ్వులు ఆగిపోయాయి. శివప్రసాద్ ఆ పిల్లను వదిలేసి పెద్దమల్లయ్య వైపు తిరిగాడు.

"ఏం పెద్దమల్లయ్యా, నువ్వే చెప్పు. తాగినావా, లేదా?"

కూతురు అతని మొహంలోకే చూస్తోంది. పెద్దమల్లయ్యకు ఆ క్షణాన సత్యనారాయణ ఇప్పించిన ఆ సీటు, ఆమె కూర్చునే బెంచీ తప్ప ఇంకేమీ కనబడలేదు.

"తాగినా సార్" అన్నాడు.

సుప్రియ కూర్చుంది. మధ్యాహ్నం పెద్దమల్లయ్య వర్క్‌షాపు షెడ్డు వెనక్కి ఆమెకు అన్నం క్యారియర్ తీసుకెళ్లి కాగితం సంగతంతా చెప్పాడు. ఆమె చివరిదాకా విన్నది.

"నువ్వు నిజంగా తాగొచ్చినా బాగుండు నాయనా" అంది. క్యారియర్ ముట్టలేదు.

వారానికి ప్రమాదాల మీద రికార్డు రాయమన్నారు. తండ్రి ప్రమాదానికి మూత లేకపోవడం, ఆపే బటన్ అందకపోవడం కారణాలని సుప్రియ రాసింది. శివప్రసాద్ ఆ పేజీని ఎర్ర ఇంకుతో అడ్డంగా కొట్టేశాడు.

"కాలేజీ కమిటీలో సత్యనారాయణగారి బామ్మర్ది ఉన్నాడు. మార్చి రాయించు. లేకుంటే మార్కులూ ఉండవు, సీటూ ఉండదు" అని రికార్డు తండ్రి చేతికే ఇచ్చాడు.

ఆ సాయంత్రం పెద్దమల్లయ్య చెబుతుంటే సుప్రియ రాసింది. కార్మికుడు మద్యం సేవించి, అన్నచోట పెన్ను ఆపింది.

"ఎంత సేవించినాడని రాయాల నాయనా?"

పొయ్యి దగ్గర నుంచి చెన్నమ్మే అంది, "రాయవే, అక్షరాలే గదా."

ఆ రికార్డుకు మంచి మార్కులే వచ్చాయి. మూడేళ్లకు డిప్లొమా చేతికి వచ్చింది. ఒక సిమెంటు ఫ్యాక్టరీ వాళ్లు వచ్చి సుప్రియను సేఫ్టీ ట్రైనీగా తీసుకున్నారు. హెల్మెట్ పెట్టుకున్న ఫోటో తల్లి ఫోన్‌కు పంపింది. ఫోన్ పెద్దమల్లయ్య ఎత్తితే "అమ్మకియ్యి" అనేది. అంతకుమించి మాట ఉండేది కాదు.

కంపెనీలో ఉద్యోగుల ఇళ్లవాళ్లను పిలిచే పండగ పెట్టారు. సుప్రియ తల్లిని మాత్రమే రమ్మంది. చెన్నమ్మ ఒక్కతే బస్సెక్కి వెళ్లి, మర్నాడు మధ్యాహ్నానికి తిరిగొచ్చింది. ఆమె వడ్డిస్తుంటే పెద్దమల్లయ్య అడిగి అడిగి చెప్పించుకున్నాడు. పిల్లకు విడిగా గది ఇచ్చారట. పెద్ద పెద్ద ఇంజనీర్లు కూడా ఆమె ఆపమంటే పని ఆపుతారట.

"మీ ఆయన రాలేదేమని అడిగినారు. జొరమని చెప్పినా" అంది చెన్నమ్మ.

"ఎందుకే అబద్ధం? డ్యూటీ ఉందంటే సరిపోయేది గదా."

చెన్నమ్మ అతని పళ్లెంలో ఇంకో ముద్ద అన్నం పెట్టింది.

"జొరమని చెప్పమని నాకు నేర్పించింది సుప్రియే."