అడుగు ఎత్తు మెరక

మొన్న నా మూలంగా మా ఏలూరు బడిలో ఏం జరిగిందో వినండి. నవ్వొస్తే మొహమాటపడకండి, మా ఆవిడ పడలేదు.

తమ్మిలేరు పొంగినప్పుడల్లా మా పేట బడిలోకి నీళ్లొచ్చేస్తాయి. తాతలనాటి బిల్డింగు. ఈ వేసవిలో పెంకులు మార్పించి, వెనకాల కొత్త గది కట్టించి, పనిలో పనిగా వరండా వదిలేసి లోపల నేలంతా అడుగు ఎత్తు మెరక చేయించాం. ఇన్‌స్పెక్టరు గారు చూసి సరేనంటే ఆరో తరగతికి పర్మిషను. లేదంటే అయిదు ప్యాసైన పిల్లలు చదువు మానేసి కూలికో, కొట్టుకో పోవాల్సిందే. అందుకే దగ్గరుండి పని చేయించే బాధ్యత నేనే నెత్తికెత్తుకున్నాను.

మేస్త్రీ మస్తాన్ గారు నెమ్మదిగా అన్నారు. "మాస్టారూ, నేల లేపాం కదండీ, గుమ్మం కూడా లేపాలండీ."

"పాత టేకు ద్వారబంధమండీ అది. కదిపితే పాడవుతుంది. అలా ఉండనివ్వండి."

"ఆరడుగుల గుమ్మం అయిదడుగులైందండీ."

"పొద్దుట్నించీ పదిసార్లు తిరిగాను, నాకెక్కడా తగల్లేదే?"

ఆయన నన్ను కింద నుంచి పైదాకా చూశారు. ఎక్కువసేపు పట్టలేదు. నా ఎత్తు అయిదడుగులకి అంగుళం తక్కువ. ఆయన వెళ్లి తాపీ కడుక్కున్నారు. హెడ్మాస్టరు గారికి నడుము వంగిపోయి పదేళ్లైంది, ఆయనకీ తేడా తెలియలేదు.

ఇన్‌స్పెక్టరు గారు జట్కా దిగారు. ఆరడుగుల మనిషి, పైన తలపాగా. చేతికి నిమ్మపండు ఇచ్చాం. పిల్లలు పాట ఎత్తుకున్నారు. ఆయన వాళ్లకేసి నవ్వుతూ వరండాలోంచి లోపలి మెరక మీదికి అడుగేశారు. ఠపీమని చప్పుడు. తలపాగా వరండాలో పడింది, నిమ్మపండు దొర్లుకుంటూ కొత్త గదిలోకి పోయింది. పాట మాత్రం ఆగలేదు, ఆపమని ఎవరూ చెప్పలేదు కనక.

ఆయన నుదురు పట్టుకుని బెంచీ మీద చాలాసేపు కూర్చున్నారు. ఆరో తరగతి పోయినట్టే అనుకున్నాను.

"ఈ కొలతలు ఎవరు చూశారండీ?"

"నేనేనండీ."

"క్లాసులో మీరేం చెబుతారు?"

"లెక్కలండీ."

ఆయన గుమ్మంకేసి చూశారు, నాకేసి చూశారు, కాగితం తీసి రాశారు. హెడ్మాస్టరు గారు దాన్ని పైకి చదివారు. గుమ్మం ఎత్తు చేసిన మీదట ఆరో తరగతి పెట్టుకోవచ్చు. లెక్కలకి వేరే మాస్టారిని చూసుకోవాలి.

సోమవారం నుంచి నేను తెలుగు చెబుతున్నానండీ. పద్యంలో కొలత తప్పినా ఎవరి నుదురూ బొప్పి కట్టదు.