కోత పండుగ బోధకుడి దారి ఖర్చు

పోయిన ఏడు కోత పండుగ అయ్యాక ఆత్మకూరు దగ్గరి ఒక క్రైస్తవ సంఘానికి రెండు ఉత్తరాలు రాశాను. జవాబు రాలేదు. సంఘపెద్ద దావీదుగారికి ఫోన్ చేస్తే "మీటింగుల ఉన్న" అని పెట్టేశారు. బయటి ఊరి నుంచి పిలిపించుకున్న బోధకుడికి సంఘం దారి ఖర్చులు, పోయిన పనిదినాల కూలి ఇవ్వాలా, వద్దా? నేను అడిగింది అంతే. ఇంతవరకూ ఎవరూ పట్టించుకోలేదు కనుక ఈ ఏటి ప్రయాణం సంగతి ఇక్కడ రాస్తున్నాను. ఆ దారిన వెళ్లేవాళ్లకు బస్సుల వివరాలైనా పనికొస్తాయి.

నాది నకిరేకల్. దర్జీని. పిలిచిన చోటికి వెళ్లి వాక్యం చెప్తాను. ఏ సంఘం దగ్గరా జీతం లేదు. ఈసారి పిలిచినప్పుడు దావీదుగారు, "పోయినసారి లెక్క గాదు అయ్యగారు, ఈసారి చూసుకుంటం, మీరు రాన్రి" అన్నారు. ఆ మాట పట్టుకుని శనివారం పొద్దున్నే బయలుదేరాను. క్రిస్మస్ దగ్గరికొచ్చింది. కుట్టాల్సిన గౌన్లు బల్ల మీద గుట్టగా పడి ఉన్నాయి. నా భార్య రూతమ్మ గడపలో నిలబడి, "మళ్ల శాలువ కప్పి తోలితే ఇగ నువ్వు పోయేది లేదు. ఇంట్ల ఉన్న శాలువలతోని పరుపు కుట్టొచ్చు" అంది. ఉత్త చేతులతో పంపితే ఆ సంఘానికి ఇక వెళ్లనని మాటిచ్చాను.

ఆరు గంటలకు నల్గొండ బస్సు. అక్కడి నుంచి దేవరకొండ, దేవరకొండలో మారి కల్వకుర్తి. నేరుగా మహబూబ్‌నగర్ వెళ్లే బస్సు కోసం కూర్చుంటే పొద్దు పోతుంది. దొరికింది ఎక్కి మారుతూ పోవడమే మేలు. కల్వకుర్తి స్టాండు బయట ఇడ్లీ బాగుంటుంది, చట్నీ మాత్రం అడిగితేనే రెండోసారి వేస్తారు. ఆడవాళ్లకు బస్సు ఉచితం అయినప్పటి నుంచి సీటు దొరకడం కష్టం. జడ్చర్ల దాకా నిలబడ్డాను. మహబూబ్‌నగర్‌లో అన్నం తిని, ఆత్మకూరు చేరేసరికి నాలుగు దాటింది. అక్కడి నుంచి ఊరికి ఆటో. కిరాయి నేనే ఇచ్చాను. ఎదురు రావడానికి ఎవరూ లేరు.

గుడి ముందు కట్టిన ఫ్లెక్సీ చూశాను. హైదరాబాదు నుంచి వచ్చే బోధకుడి ఫొటో నిలువెత్తున ఉంది. కింద "మరియు ఇతర దైవసేవకులు" అని ఉంది. ఆ ఇతరుల్లో నేనొకణ్ణి. పోయిన ఏడూ ఇదే మాట.

గుడి పక్క గదిలో పడుకున్నాను. ఆదివారం ఆరాధనలో మొదటి వాక్యం నాది. కూలివాడి కూలి పొద్దుగూకేదాకా ఆపవద్దని చెప్పాను. దావీదుగారు అందరికంటే గట్టిగా ఆమెన్ అన్నారు. పదకొండున్నరకు కారు వచ్చింది. హైదరాబాదు బోధకుడు గంటకు పైగా మాట్లాడాడు. బాగానే మాట్లాడాడు, కాదనను. వెళ్లేటప్పుడు దావీదుగారు కారు దాకా వెళ్లి రెండు చేతులతో ఆయన చెయ్యి పట్టుకున్నారు. చెయ్యి వదిలినప్పుడు కవరు ఆయన జేబులోకి వెళ్లింది. నాకు గుడిలోనే శాలువా కప్పారు.

తర్వాత వేలం. కోత పండుగకు ఎవరి పంట వాళ్లు తెచ్చి బలిపీఠం ముందు పెడతారు; పంట లేనివాళ్లు కోళ్లు, గుడ్లు తెస్తారు. వాటిని గుడిలోనే పాట పాడి, వచ్చిన డబ్బు సంఘానికి జమ చేస్తారు. పాడినవాళ్లు పైసలు తర్వాత కట్టినా సరే. ఒక గుమ్మడికాయకు బజారు ధరకు మూడింతలు పలికింది. ఎర్ర పుంజు వంతు వచ్చింది. ఒక పడుచువాడు, ఒక ముసలావిడ పోటీ పడ్డారు.

"అవ్వా, ఇగ చాలియ్యి, నీ పండ్లకు గది నమలరాదు" అన్నాడు అతను.

"నా పండ్ల ఫికర్ నీకెందుకురా? పాడు, పాడు" అంది ఆమె.

గుడంతా నవ్వింది. చివరికి పుంజు ఆమెకే పడింది. ఆమె దాన్ని తెచ్చి నా ఒళ్లో పెట్టి, "మీరు బస్సుల పడి వచ్చిన్రు అయ్యా" అంది. సంఘం చప్పట్లు కొట్టింది. పెద్దలు ఆమె చేత ఇప్పించి నా లెక్క సరిపెట్టారని అనుకున్నాను. భోజనాలయ్యాక దావీదుగారిని పక్కకు పిలిచి దారి ఖర్చుల మాట ఎత్తాను.

"పుంజునిచ్చినం గదా అయ్యగారు? సేవకు వచ్చిన్రా, కూలికి వచ్చిన్రా?" అన్నారు.

జవాబు చెప్పేలోపు ఎవరో పిలిచారని వెళ్లిపోయారు.

మూడు గంటలకు ఆత్మకూరులో మహబూబ్‌నగర్ బస్సు ఎక్కాను. సంచిలోంచి పుంజు తల బయటపెట్టింది. కండక్టరమ్మ చూసింది.

"పెద్దాయనా, దీనికి గూడ టికెట్ కొట్టాలె."

వెనక సీటావిడ అందుకుంది. "పుంజును తెచ్చుకున్నరు గనుక తిప్పలు. పెట్టనైతే ఫ్రీ అయితుండె."

"పెట్టకైనా ఆధార్ కార్డు చూపెట్టాల్సిందే" అంది కండక్టరమ్మ.

బస్సంతా నవ్వుతుంటే నేను పుంజుకు టికెట్ తీసుకున్నాను.

ఆ వెనక సీటావిడ పేరు కరుణ. అదే సంఘం మనిషి; మహబూబ్‌నగర్‌లో దవాఖానలో ఆయా పని చేస్తుంది. "మా సువార్తమ్మవ్వ పుంజే గదా ఇది" అంది.

"వేలంలో ఒక అవ్వ పాడి ఇచ్చిందమ్మా."

"పాడుడు తర్వాతి ముచ్చట. పుంజే ఆమెది. పొద్దుగాల ఆమెనే తెచ్చి దేవునికిచ్చింది. ఇచ్చింది ఉత్తగ వాపసు తీసుకోవద్దు గదా. అందుకే వేలంల మళ్ల కొన్నది."

"ఎందుకు?"

"పోయినేడు మీరు ఉత్త చేతులతోని పోయిన్రని ఏడాది సంది అంటున్నది. పెద్దలను అడిగింది. వాళ్లు పలకలే. పాట పైసలు పత్తి ఏరినంక కడ్తదంట."

ఆ సంఘంలో నా మాట మనసున పెట్టుకున్న ఒక్క మనిషి ఆమె. ఆమెకు భూమి లేదని, వేరేవాళ్ల చేలో పత్తి ఏరుతుందని కరుణ చెప్పింది. పుంజును వాపసు పంపిస్తానన్నాను. "అట్ల చేస్తే అవ్వ సచ్చిపోతది అయ్యగారు. గంత చిన్నతనం చెయ్యకున్రి" అంది.

మహబూబ్‌నగర్ స్టాండులో దిగి దావీదుగారికి ఫోన్ చేశాను. ఆ పుంజు పాట సంఘం పేర రాసుకోండి, అవ్వను అడగకండి అన్నాను.

"వేలం వేలమే. ఆమె భక్తి ఆమెది, మధ్యల మీకెందుకు? వచ్చే ఏడు గూడ మీరే రావాలె."

"సువార్తమ్మ పత్తి ఏరి నా దారి ఖర్చు కట్టాలా?"

"సిగ్నల్ సరిగ లేదు అయ్యగారు" అని పెట్టేశారు.

కల్వకుర్తి బస్సులో కూర్చున్నాను. నడుము పట్టేసింది. బయట కంది చేల మీద పొద్దు వాలుతోంది. పాతికేళ్లుగా ఈ రెండు జిల్లాల్లో తిరుగుతున్నాను. బోధకుడికి డబ్బు ఇవ్వకూడదనే సంఘం నేను చూడలేదు. కారులో వచ్చినవాడికి చాటుగా ఇస్తారు, బస్సులో వచ్చినవాడికి సేవ గురించి చెప్తారు. సంఘం ఇవ్వని చోట ఎవరో ఒక పేద మనిషి సిగ్గుపడి తన గంపలోంచి తీసి ఇస్తుంది. ఆమె పేరు కూడా మనకు తెలియదు. దారి ఖర్చు, రోజు కూలి సంఘం పెట్టెలోంచి అందరి ముందు ఇచ్చి, అందరికీ వినబడేలా చదివితే ఆ సిగ్గు ఆమె మీద పడదు. ఎవరికీ ఇవ్వలేమంటే అదీ చెప్పండి. కవరు కూడా మానెయ్యండి. అప్పుడు వచ్చేవాడు వస్తాడు, రానివాడు రాడు.

రూతమ్మకు ఇచ్చిన మాట ఉంది. పుంజు సువార్తమ్మది; సంఘం నన్ను ఉత్త చేతులతోనే పంపింది. వచ్చే ఏడు నేను రాను. అయినా నా ప్రశ్న అక్కడే ఉంటుంది. దావీదుగారూ, ఈసారి నాకు ఉత్తరం రాయనక్కర్లేదు, ఫోన్ చేయనక్కర్లేదు. వచ్చే ఆదివారం ఆరాధనలో లేచి నిలబడి, పిలిచిన బోధకుడి ఖర్చు ఎవరు భరించాలో సువార్తమ్మ ముఖం చూసి చెప్పండి.